మూడో తరగతి లోటు, పదో తరగతి మార్కులు

పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున రాయలసీమ జిల్లాల పేర్లను పట్టిక అడుగు నుంచి వెతకడం కొన్నేళ్లుగా అలవాటైపోయింది. 2022లో పదమూడు జిల్లాల్లో అనంతపురం 49.70 శాతం ఉత్తీర్ణతతో చివర నిలిచింది. జిల్లాలను విడగొట్టిన తరువాత 2023లో ఆ చోటు 60.39 శాతంతో నంద్యాలకు, 2024లో 62.47 శాతంతో కర్నూలుకు దక్కింది. 2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా చివరికి చేరడంతో సీమ అధికారులు కాస్త ఊపిరి పీల్చుకుని ఉంటారు. అక్కడి మన్యం ప్రాంతపు పిల్లల వెనుకబాటు వల్ల దక్కిన ఊరట గనుక దానికి సంతోషించవలసినదేమీ లేదు. ఈ అంకెలు వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయుల గదుల్లోనూ, బస్టాండు హోటళ్లలోనూ వినిపించే మాట ఒకటే: చదువుల ప్రమాణాలు పడిపోయాయి, వెనకటి పదో తరగతి ఇప్పటి డిగ్రీకి సాటి. ఈ మాటలో నిజమెంతో తేలాలంటే ప్రమాణం అనే ఒక్క పదం కింద కలగలిసిపోయిన మూడు సంగతులను ముందుగా విడదీయాలి. పరీక్ష ఎంత కఠినంగా ఉంది, పరీక్ష దాకా ఎవరు వస్తున్నారు, వచ్చేవారు ఏమి నేర్చుకుని వస్తున్నారు అన్నవి ఆ మూడు. ఇవి ఒకదాని వెంట ఒకటి నడవవు. ఒక్కోసారి ఎదురెదురుగా కూడా నడుస్తాయి.

పరీక్ష సంగతి ముందు చూద్దాం. రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. కరోనా కారణంగా 2020, 2021లలో పరీక్షలు రద్దు చేసి అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. తిరిగి పరీక్ష జరిగిన 2022లో ఉత్తీర్ణత 67.26 శాతానికి దిగింది. ఆపైన 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. ఈ వరుసనే పిల్లల చదువుకు కొలతగా తీసుకుంటే, మూడేళ్లలో నాలుగో వంతు పైగా పిల్లలకు చదువు రాకుండా పోయి, మరో రెండేళ్లలో వారిలో అధికులకు మళ్లీ వచ్చేసిందని నమ్మవలసి ఉంటుంది. చదువు జ్వరంలా ఎక్కి దిగేది కాదు.

నిజానికి ఆ మూడేళ్లలో పరీక్షే మారిపోయింది. 2019లో పదకొండు పేపర్లు ఉండేవి, వంద మార్కుల్లో ఇరవై మార్కులు బడిలోనే వేసేవారు, బిట్ పేపరు కూడా ఉండేది. 2022 నాటికి పేపర్లు ఏడయ్యాయి, బడిలో వేసే ఇరవై మార్కులూ బిట్ పేపరూ పోయాయి. ఆ ఏడాది పరీక్ష రాసిన పిల్లలు ఎనిమిదో తరగతి నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి పదికి వార్షిక పరీక్షలు రాయకుండానే వచ్చినవారు. కొలబద్ద, కొలవబడే వస్తువు ఒకేసారి మారినప్పుడు తేడాలో దేని వాటా ఎంతో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా 2022లో అనంతపురానికి వచ్చిన 49.70 శాతాన్ని ఆ జిల్లా పిల్లల తెలివికి తీర్పుగా చదివినవారే ఎక్కువ. ఆ అంకె చెప్పిన అసలు సంగతి మరొకటి ఉంది: బడి చేతిలోని ఇరవై మార్కుల దన్ను తీసేస్తే, అప్పటిదాకా కంటికి కనబడని లోటు ఎంత ఉందో అది చూపించింది. ఆ లోటు ఆ ఏడాది పుట్టినది కాదు.

మార్కుల మీద నమ్మకం సడలితే సంస్థలు ఏం చేస్తాయో కడప జిల్లాలోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఇడుపులపాయలో ఒక ప్రాంగణం ఉంది. గ్రామీణ విద్యార్థులకు పదో తరగతి మార్కుల ఆధారంగా సీటు ఇచ్చి, ఆరేళ్ల సమీకృత చదువు చెప్పడం దాని ప్రత్యేకత. అందరూ పాసైన 2020, 2021లలో ఆ విశ్వవిద్యాలయం విడిగా ప్రవేశ పరీక్ష పెట్టుకోవలసి వచ్చింది. పరీక్షలు తిరిగి మొదలయ్యాక మళ్లీ పదో తరగతి మార్కులకే మళ్లింది.

ఇక రెండో సంగతి, ఎవరు వస్తున్నారన్నది. వెనకటి చదువుల గొప్పతనాన్ని తలచుకునేవారు మరచిపోయే విషయం ఇదే. మద్రాసు గవర్నరుగా థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యా సర్వేకు జవాబుగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో ఒక నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం, ఆదోని ప్రాంతాలు అప్పుడు బళ్లారి జిల్లాలోనివే. 9,27,857 మంది జనాభాలో ఆయన లెక్కకు వచ్చిన బడులు 533, చదువుకునే పిల్లలు 6,641 మంది; అంటే వెయ్యికి సుమారు ఏడుగురే. జనం పేదరికంలోకి జారిపోవడం వల్ల చదువు క్షీణిస్తోందని ఆయన రాశాడు. పిల్లలు వాడుక భాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని కూడా రాశాడు. బట్టీ చదువుల మీద ఇప్పుడు వినిపించే ఫిర్యాదుకు ఈ నేల మీదనే రెండు వందల ఏళ్ల వయసు ఉందన్నమాట. అదే నివేదికలో, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చదువు చెప్పించే ఇక్కడి పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

అనంతపురంలో దత్తమండల కళాశాల 1916లో వెలిసింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఈ సంవత్సరాల మధ్య దూరమే చాలావరకు జవాబు చెబుతుంది. ఒక ఊళ్లో వందమంది పిల్లలుంటే ఒకప్పుడు పదిమందే పదో తరగతి దాకా చేరేవారనుకుందాం. వారు చాలావరకు చదువుకున్న ఇళ్ల పిల్లలు, లేదా వడపోతలన్నీ దాటి నిలిచిన చురుకైన పిల్లలు. ఇప్పుడు ఎనభై మంది చేరుతున్నారనుకుందాం. మొదటి పదిమంది స్థాయి వెనకటి పదిమంది కన్నా పెరిగినా సరే, ఎనభై మంది సగటు మాత్రం తగ్గే కనిపిస్తుంది. వెనకటి తరం ఆ పదిమందిని గుర్తుపెట్టుకుని ఈ ఎనభై మందితో పోలుస్తోంది. మూడో తరగతిలోనే పలక పక్కన పెట్టి పశువుల వెంట పోయిన తక్కిన తొంభై మంది ఏ లెక్కలోనూ లేరు. 2011 జనగణనలో అక్షరాస్యత ఉమ్మడి కర్నూలు జిల్లాలో 59.97 శాతం, అనంతపురంలో 63.57, కడపలో 67.30. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల్లో చాలామంది, ఇంట్లో పుస్తకం తెరిచి చూసేవారు లేని మొదటి తరం చదువరులని దీని అర్థం. ఎక్కువమంది బడికి రావడాన్ని ప్రమాణాల పతనంగా లెక్కగట్టడం అన్యాయం.

అంతటితో ఫిర్యాదు మొత్తం కొట్టివేయదగినదని కాదు. మూడో సంగతి దగ్గరికి వచ్చేసరికి దానికి బలం చేకూరుతుంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి జరుపుతున్న 'అసర్' సర్వేకు ప్రశ్నపత్రం, హాల్ టికెట్ ఏవీ లేవు. పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమంటారు. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 50.5 శాతం, 2022లో 42.8 శాతం, 2024లో 48.8 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఐదో తరగతి పిల్లలు అవే సంవత్సరాల్లో 27.9, 25.6, 30.7 శాతం. ఇక్కడ కనిపించేది ఎత్తు నుంచి పడిపోవడం కన్నా, ఎప్పుడూ పెద్దగా పైకి లేవకపోవడం. కరోనా వల్ల ఒక గుంత పడింది, అది చాలావరకు పూడింది, కానీ పూడిన తరువాత మిగిలిన నేల మట్టమే తక్కువగా ఉంది.

పై తరగతులకు వెళ్లేకొద్దీ ఈ లోటు తీరకపోగా వడ్డీ కట్టుకుంటూ పోతుంది. 2024 డిసెంబరులో జరిగిన 'పరఖ్' జాతీయ సర్వేలో గణితంలో సగటు సరైన జవాబులు మూడో తరగతిలో 60 శాతం, ఆరో తరగతిలో 46, తొమ్మిదో తరగతిలో 37 శాతం. తరగతికో ప్రశ్నపత్రం కనుక ఈ మూడింటినీ నేరుగా పోల్చడం సరికాకపోయినా, భిన్నాలు రాని పిల్లవాడికి బీజగణితం ఎలా వస్తుందన్నది గణితం చెప్పే ఏ ఉపాధ్యాయుణ్ని అడిగినా చెబుతాడు. తెలుగులో ఒక పాఠం పోతే తరువాతి పాఠం అర్థమవుతుంది. లెక్కల్లో ఒక మెట్టు విరిగితే పై మెట్లన్నీ గాలిలో ఉన్నట్టే.

ఆ మెట్టు ఈ జిల్లాల్లో ఎక్కడ విరుగుతోందో చూడాలంటే కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వెళ్లాలి. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని, ఆలూరు ప్రాంతాల్లో వర్షాధారపు పంట చేతికి రాగానే, లేదా చేతికి రాకుండానే, కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీతలకు బయలుదేరతాయి. అక్కడివారు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. ఇంట్లో ముసలివారు ఉంటే పిల్లలను వారి దగ్గర వదులుతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరుస్తున్నా, చంటిబిడ్డను చూసుకోవలసిన పదేళ్ల ఆడపిల్ల హాస్టల్లో మిగలడం అరుదు. పది నెలల విద్యా సంవత్సరంలో ఏటా మూడు నెలలు ఇలా పోతే, ప్రాథమిక స్థాయి ఐదేళ్లలో పోయేది పదిహేను నెలలు, అంటే ఒకటిన్నర విద్యా సంవత్సరం. హాజరు పట్టికలో ఆ పాప ఐదో తరగతి, చదివినది మూడున్నర తరగతులు.

సుగ్గికి పోని ఊళ్లలోనూ బడి నడిచే తీరులో ఒక చిక్కు ఉంది. విద్యా హక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. ఐదు తరగతులను ఇద్దరు పంచుకుంటే, ఒకరు రెండు తరగతులకు, మరొకరు మూడు తరగతులకు ఒకే గదిలో పాఠం చెప్పాలి. ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఓటర్ల జాబితా పనికి పోయినా, మిగిలిన ఒక్కరికీ ఐదు తరగతులు. 2022 జూన్‌లో 117వ జీవో ద్వారా మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించడం వెనుక సబ్జెక్టు ఉపాధ్యాయులు దొరుకుతారన్న వాదన ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల ఊరు దాటి నడవాలన్న అభ్యంతరమూ ఉంది. ఆ జీవోను తరువాత వెనక్కి తీసుకుని 2025లో బడులను మరో పద్ధతిలో సర్దారు. వాదనల్లో ఏది సబబైనప్పటికీ, మూడేళ్లలో రెండుసార్లు బడి మారిన పిల్లవాడికి చదవడం నేర్పే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం మధ్యలో జారిపోయింది.

దీనికి తోడు భాష. ఆదోని, కోసిగి వైపు ఇళ్లలో కన్నడం, కడప, కర్నూలు పట్టణాల్లో దక్కనీ ఉర్దూ, అనంతపురం తండాల్లో సుగాలీల గోరుబోలి వినిపిస్తాయి. ఈ పిల్లలకు పుస్తకంలోని తెలుగే రెండో భాష. ఆంగ్ల మాధ్యమం వచ్చాక లెక్కల ప్రశ్న మూడో భాషలో ఎదురవుతోంది. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాష ఉన్న ద్విభాషా పుస్తకాలు మంచి ఆలోచనే. రెండింటిలో ఏదో ఒకటి చదవడం వచ్చిన పిల్లవాడికే అవి ఉపయోగపడతాయన్నది దాని పరిమితి.

ఇంత లోటుతో తొమ్మిదో తరగతి దాటి వచ్చిన పిల్లవాడి దగ్గరికి డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక వస్తుంది. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, పిల్లలను గ్రేడ్లుగా విడగొట్టడం మొదలవుతాయి. చివరి గ్రేడు పిల్లల కోసం తయారయ్యేది మినిమం మెటీరియల్: ఏ పాఠం నుంచి ఏ ప్రశ్న తప్పక వస్తుంది, ఏ పటం గీస్తే నాలుగు మార్కులు పడతాయి, ఏ గ్రాఫు నేర్చుకుంటే గట్టెక్కవచ్చు అన్న లెక్క. ముప్పై ఐదు మార్కులకు ఇంతకన్నా తక్కువ శ్రమతో కూడిన దారి లేదు. జిల్లా చివరి స్థానంలో ఉంటే సంజాయిషీ చెప్పుకోవలసిన ఉపాధ్యాయుడిని దీనికి తప్పు పట్టలేము. ఫెయిలైన ఆడపిల్లకు పెళ్లి చేసేసే ఊళ్లో పాసు చేయించడమే ఆమెకు చేసే మేలని నమ్మే ఉపాధ్యాయులు ఉన్నారు, వారి నమ్మకం వట్టిది కూడా కాదు. అయితే దీని ఫలితంగా పాసైన పిల్లవాడి చేతిలో ఉన్న పత్రానికీ, అతని తలలో ఉన్న చదువుకూ మధ్య దూరం పెరిగింది. ప్రమాణాలు పడిపోయాయని జనం అంటున్నది బహుశా ఈ దూరాన్నే.

ఆ దూరం ఇంటర్మీడియట్‌లోనూ ఇంజనీరింగ్‌లోనూ బయటపడుతుంది. ఇంటర్ ఉత్తీర్ణత 2022లో మొదటి సంవత్సరంలో 54 శాతం, రెండో సంవత్సరంలో 61 శాతం. 2025లో అవి 70, 83 శాతానికి చేరాయి. ఆ తరువాతి గుమ్మం ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. అందులో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, తప్పుకు మార్కు కోత లేదు. అర్హత మార్కులు 25 శాతం, అంటే నలభై. ప్రశ్నపత్రం చదవకుండా కళ్లు మూసుకుని 160 జవాబులు గుర్తించినా లెక్క ప్రకారం సగటున వచ్చేవి నలభై మార్కులే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. నిబంధన ఉన్నవారికీ లేనివారికీ పెద్ద తేడా లేదని పై లెక్కే చెబుతోంది. పై ర్యాంకుల్లో పోటీ నిజమైనదే, తీవ్రమైనదే. దిగువన మాత్రం పరీక్ష వడపోసేది ఏమీ లేదు. సీట్లు మిగిలి ఉన్నంతవరకు ఎవరికి సీటు వస్తుందో సంసిద్ధతతో సంబంధం లేకుండా తేలుతుంది.

అందుకే జేఎన్టీయూ అనంతపురం పరిధిలోని కళాశాలల్లో మొదటి సంవత్సరం గణితం చెప్పే అధ్యాపకుడి తరగతిలో, పోటీ పరీక్షలో వందల లెక్కలు చేసి వచ్చిన విద్యార్థి పక్కనే, లాగరిథమ్ అంటే ఏమిటో గుర్తులేని విద్యార్థి కూర్చుని ఉంటాడు. ఇద్దరి మార్కుల జాబితాలో ఇంటర్ గణితం పాసనే ఉంటుంది. అధ్యాపకుడు మధ్యస్థంగా చెబితే మొదటివాడికి విసుగు, రెండోవాడికి అయోమయం. రెండోవాడి బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పిన పేపర్లు, మొదటి సెమిస్టర్‌లో మొదలై మూడో సంవత్సరం దాకా వెంటాడతాయి. ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. రెసిడెన్షియల్ కళాశాలల్లో రోజుకు పన్నెండు గంటలు కూర్చుని మంచి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థికి కూడా, అలవాటైన నమూనాకు అందని ప్రశ్న ఎదురైతే, లేదా ఒక పేజీ పాఠాన్ని సొంతంగా చదివి సారం చెప్పమంటే, తడబాటు తప్పడం లేదు. ఇది మొదటివాడి సమస్య. రెండోవాడి సమస్యకూ దీనికీ మూలం వేరు.

ఇదంతా డిటెన్షన్, అంటే పరీక్ష తప్పిన పిల్లలను అదే తరగతిలో ఆపడం, ఎత్తివేయడం వల్లేనన్న వాదన ఉపాధ్యాయ వర్గాల్లో బలంగా ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఆపరాదంది. 2019లో చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపే స్వేచ్ఛను ఇచ్చారు. వార్షిక పరీక్ష భయం లేకపోవడం వల్ల బడి ఊపు తగ్గిందన్న మాట నిజం కావచ్చు. కానీ చదవడం రాని పిల్లను అదే తరగతిలో, అదే రెండు తరగతుల గదిలో, అదే పుస్తకంతో మరో ఏడాది కూర్చోబెడితే చదవడం ఎలా వస్తుందో ఆ వాదన చెప్పదు. సుగ్గికి పోయే ఇంట్లో, ఫెయిలైన పిల్ల మరుసటి ఏడు కూలికి పోవడమే ఎక్కువ జరిగే పని. ఆపడం, పంపేయడం రెండూ సులువైన పనులే. మూడో తరగతిలో చదవడం రానివారిని పేరు పేరునా గుర్తించి, ఆ ఏడాదిలోపే వారికి నేర్పడం కష్టమైన పని, ఏ ఫలితాల పట్టికలోనూ కనబడని పని.

ఈ ధోరణి ఒక్క సీమదే కాదు. సంపన్న దేశాల కూటమి నిర్వహించే పీసా పరీక్షలో 2018కీ 2022కీ మధ్య ఆ దేశాల గణిత సగటు పదిహేను పాయింట్లు తగ్గింది. అక్కడా కరోనాతో పాటు అంతకుముందున్న కారణాలను వెతుకుతున్నారు. అక్కడ ఉన్న ఎత్తు నుంచి దిగడం, ఇక్కడ ఎక్కవలసిన మెట్టు ఎక్కలేకపోవడం అన్న తేడాను మాత్రం మరవకూడదు.

కరోనాతో బడులు మూతపడిన 2020-21లో ఒకటో తరగతిలో పేరు నమోదైన పిల్లల వరుసను పట్టుకుని చూస్తే లెక్క ఇంకా స్పష్టమవుతుంది. 2022 అసర్ సర్వే నాటికి వారు మూడో తరగతి. దేశం మొత్తం మీద వారిలో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 20.5 శాతం. 2024 సర్వే నాటికి అదే జట్టు ఐదో తరగతికి వచ్చింది, చదవగలిగినవారు 48.8 శాతం. మిగిలిన సగం మంది కూడా ఆరో తరగతికి చేరారు. ఆపకుండా సాగితే, వారు పదో తరగతి పరీక్ష రాసేది 2030 మార్చిలో.